పెన్‌డ్రైవ్‌లో స్ప్రెడ్‌షీట్: స్ప్రెడ్32 ఎంతవరకు పనికొస్తుంది?

కాలేజీ ల్యాబ్‌లో సిస్టమ్‌లో ఎక్సెల్ ఉండదు. ఇన్‌స్టాల్ చేద్దామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అలాంటప్పుడు స్ప్రెడ్32 అనే చిన్న విండోస్ ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో ఉంటే చాలు, డబుల్ క్లిక్ చేయగానే ఓపెన్ అవుతుంది. (పెన్‌డ్రైవ్‌నే బ్లాక్ చేసిన ల్యాబుల్లో ఇదీ నడవదు లెండి.) ట్రిప్ ఖర్చులు పంచుకోవడం, మార్కుల టోటల్ లాంటి పనులకు సమ్, ఇఫ్ ఫార్ములాలు ఎక్సెల్‌లో రాసినట్టే రాసుకోవచ్చు.

సేవ్ చేసేటప్పుడే జాగ్రత్త. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో ఒక షీట్‌కి 65,536 వరుసలు, 256 కాలమ్స్ వరకే చోటు. కొత్త ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో 10,48,576 వరుసలు పడతాయి. అంత పెద్ద డేటాను పాత ఫార్మాట్‌లోకి మారిస్తే మిగతా వరుసలు ఎగిరిపోతాయి. సీఎస్‌వీలో సేవ్ చేస్తే ఫార్ములాలు పోయి అంకెలే మిగులుతాయి. అందుకే ఒరిజినల్ మీద సేవ్ కొట్టకుండా, వేరే పేరుతో కాపీ తీసుకుని దాంట్లోనే పని చేసుకోండి.