నెపోలియన్ బొమ్మకి ఏ కోటు వెయ్యాలి?

కిందటి ఎపిసోడ్‌లో సిపాయిల బొమ్మలకి రంగులు వేశాం కదా. ఇవాళ సేనాపతులు. కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట: ఇవి టేబుల్ మీద యుద్ధాలు ఆడుకునే బొమ్మలు. నేను వాడేవి 28 మిల్లీమీటర్లవి, బొటనవేలి పై కణుపంత ఉంటాయి. సిపాయిలు 200 మంది ఉంటే ఒక్కొక్కరినీ ఎవరూ పట్టి చూడరు. నెపోలియన్ మాత్రం ఒక్కడే. అందరి చూపూ ముందు అక్కడికే పోతుంది.

ముందు నా తప్పు చెప్పేస్తా. నా మొదటి నెపోలియన్‌ని ఆ ఫేమస్ పెయింటింగ్ చూసి వేశా. అదే, జాక్ లూయీ దావీద్ గీసింది. ముందుకాళ్లు ఎత్తిన గుర్రం, గాల్లో ఎగురుతున్న నారింజ రంగు క్లోక్. మూడు రాత్రులు కూర్చుని వేసి, వాటర్‌లూ ఆటకి పట్టుకెళ్లా. ఎదుటి ప్లేయర్ చూసి, "ఏం బ్రదర్, ఆల్ప్స్ దిగి డైరెక్ట్‌గా ఇటే వచ్చేశాడా?" అన్నాడు. నవ్వేశా గానీ, లోపల చాలా గట్టిగా తగిలింది.

అతను అన్నది కరెక్టే. ఆ పెయింటింగ్‌లో ఉన్నది 1800 మే నెల. వాటర్‌లూ 1815 జూన్ 18న. మధ్యలో పదిహేనేళ్లు! పైగా ఆ సీనే నిజం కాదు. ఆ కొండ దారిలో ఆయన ఎక్కింది కంచరగాడిదని. దావీద్ ముందు పోజు ఇవ్వడానికి కూడా కూర్చోలేదు. అందుకే బ్రష్ తడిపే ముందు నన్ను నేను అడుగుతా: ఈ మనిషి ఏ సంవత్సరంలో, ఏ రోజున, ఎక్కడ ఉన్నాడు?

వాటర్‌లూ నాటి నెపోలియన్ అయితే పని చాలా సింపుల్. పైన బూడిదరంగు ఓవర్‌కోటు. లోపల గార్డ్ దళంలో షాసర్లు అనే గుర్రపు సైనికుల కల్నల్ యూనిఫామ్: ముదురు ఆకుపచ్చ కోటు, ఎర్ర కాలరు, తెల్ల ప్యాంటు. టోపీ నల్లది, దాని మీద బంగారు అంచు ఉండదు, చిన్న మూడు రంగుల కాకేడ్ ఒక్కటే. టోపీ కొమ్ములు రెండూ భుజాల వైపుకి, అడ్డంగా ఉండాలి. దూరం నుంచి ఆయన్ని గుర్తుపట్టేది అక్కడే.

బూడిదరంగుని డబ్బాలోంచి తీసి అలాగే పూసేయకండి, సిమెంటులా కనిపిస్తుంది. కొంచెం బ్రౌన్ కలిపితే ఉన్నిలా ఉంటుంది. ఆకుపచ్చ దాదాపు నలుపుకి దగ్గరగా ఉండాలి, అంచుల మీద ఒక్క హైలైట్ చాలు. తెల్ల ప్యాంటుకి ముందే ప్యూర్ వైట్ వద్దు. లేత బూడిదతో మొదలుపెట్టి, మోకాలి మీద, తొడ పైన మాత్రం తెలుపు తాకించండి. భుజకీర్తుల బంగారం కింద పసుపు కలిసిన బ్రౌన్ ఒక కోటు వేయండి, లేకపోతే మెటాలిక్ పెయింట్ పలచగా, వెలిసినట్టు ఉంటుంది.

ఇంకోటి, బొమ్మని పొట్టిగా కోయకండి! ఆయన ఎత్తు దాదాపు 168 సెంటీమీటర్లు, అప్పటి లెక్కలో మామూలే. ఫ్రెంచ్ అడుగు ఇంగ్లీష్ అడుగు కంటే పెద్దది. ఆ లెక్కలో రాసిన 5 అడుగుల 2 అంగుళాలు చూసి జనం పొట్టివాడు అనేసుకున్నారు.

"ఇంత సాదాగా ఉంటే టేబుల్ మీద తేలిపోడా?" అని డౌట్ రావచ్చు. ఆయన పక్కన జనరల్స్‌ని పెట్టి చూడండి. వాళ్లది నీలం కోటు, నిండా బంగారు ఓక్ ఆకుల కుట్టు. అంత మెరుపు మధ్యలో ఆ ఒక్క బూడిద కోటే కళ్లకి ఆనుతుంది. ఆ జనరల్స్‌లో ఎవరు పెద్దో నడుంపట్టీ చెప్తుంది. ఎరుపు, బంగారం కలిస్తే డివిజన్ జనరల్. ఆకాశనీలం, బంగారం కలిస్తే బ్రిగేడ్ జనరల్. భుజం మీది నక్షత్రాలు ఈ సైజులో ఎలాగూ కనపడవు, వాటితో కుస్తీ పడొద్దు.

ఇటు వెల్లింగ్టన్. బ్రిటిష్ కదా అని అందరం ఎర్రకోటు వేసేస్తాం. ఈయన మన దక్కన్ మనిషి కూడా ఒక రకంగా. 1799లో శ్రీరంగపట్నం మీదికి హైదరాబాద్ నిజాం సైన్యంతో కలిసి వెళ్లాడు, అప్పటికి ఆర్థర్ వెల్లెస్లీ. వాటర్‌లూలో మాత్రం ముదురు నీలం కోటు, నీలం క్లోక్, మెడకి తెల్లగుడ్డ. గుర్రం పేరు కోపెన్‌హేగన్, ఎర్రగోధుమ రంగు. తెల్లగుర్రం ఎక్కించారంటే మళ్లీ నాలాగే మాట పడాల్సిందే.

నాకు బాగా ఇష్టమైన బొమ్మ పిక్టన్‌ది. వెల్లింగ్టన్ కింద డివిజన్ నడిపిన జనరల్, ఆ రోజే చనిపోయాడు. ఒంటి మీద యూనిఫామే లేదు, మామూలు సివిల్ డ్రెస్, పొడవాటి టోపీ. తెలియనివాళ్లు చూసి "ఈ అంకుల్ ఎవరు, దారి తప్పి వచ్చాడా?" అంటారు. చెప్పాక మళ్లీ వంగి చూస్తారు.

చివర్లో వార్నిష్ మ్యాట్‌దే కొట్టండి, ఉన్ని మెరవదు. బూట్లకి మాత్రం విడిగా ఒక చుక్క గ్లాస్. వచ్చే ఎపిసోడ్‌లో గుర్రాలు వేద్దాం, బై!