బడి బాగుకు నిలకడే ప్రాణం

అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన ఆచరణ, అది కొద్దిదే అయినా, నిరంతరం సాగేదేనని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బోధించారు. ఈ హితవును మనం నమాజుకూ, ఖుర్ఆన్ పారాయణానికీ అన్వయించుకుంటాం. పేదల పిల్లలు చదివే ప్రభుత్వ బడికీ ఇది అంతే వర్తిస్తుంది.

2022లో తెలంగాణ ప్రభుత్వం 'మన ఊరు-మన బడి', పట్టణాల్లో 'మన బస్తీ-మన బడి' కార్యక్రమాన్ని చేపట్టింది. 26,065 పాఠశాలలను మూడు విడతల్లో, 7,289 కోట్ల రూపాయలతో బాగుచేయాలన్నది లక్ష్యం. నీటి వసతిగల మరుగుదొడ్లు, తాగునీరు, విద్యుత్తు, బల్లలు, ప్రహరీగోడలు అందులో ఉన్నాయి. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024లో మరమ్మతుల బాధ్యత 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలకు వచ్చింది. అదే ఏడాది విద్యా కమిషన్ ఏర్పడింది. 11,062 ఉపాధ్యాయ పోస్టులకు డీఎస్సీ జరిగింది.

ఇవన్నీ మంచి పనులే. అయితే పథకం పేరు మారినప్పుడు సగంలో ఉన్న పని ఏమవుతుంది? ఆగిన పథకాన్ని మళ్ళీ మొదలుపెట్టవచ్చు. పిల్లవాడి మూడో తరగతి మాత్రం మళ్ళీ రాదు.

హైదరాబాద్ పాతబస్తీలో ఈ నష్టం మరింత స్పష్టం. ఇక్కడ అద్దె భవనాల్లో, ఇరుకు గదుల్లో నడిచే ప్రభుత్వ బడులున్నాయి. ఉర్దూ మాధ్యమంలో రిజర్వేషన్ వర్గాలకు కేటాయించిన ఉపాధ్యాయ పోస్టులు, తగిన అభ్యర్థులు లేక, నియామకాల తర్వాత కూడా ఖాళీగా మిగులుతున్నాయి. ఇందులో ఏ వర్గం తప్పూ లేదు. న్యాయసమ్మతమైన పరిష్కారం చూపవలసింది ప్రభుత్వమే. అంతవరకూ గాజులు చేసే తల్లి, ఆటో నడిపే తండ్రి తమ కొద్దిపాటి సంపాదనలోంచి ప్రైవేటు బడికి ఫీజు కడుతూనే ఉంటారు.

నిలకడ ఏమి సాధిస్తుందో పాతబస్తీకి తెలియనిది కాదు. మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ 1876లో స్థాపించిన జామియా నిజామియా నేటికీ విద్యనందిస్తోంది. పాలకులు మారారు, రాజ్యమే మారింది, పాఠం ఆగలేదు.

ప్రభుత్వాన్ని అడిగే హక్కు మనకుంది. మన వంతు బాధ్యతా ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలుండాలి. బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేసేది, నిధుల వినియోగాన్ని పర్యవేక్షించేది ఆ కమిటీయే. సమావేశానికి పిలుపు వచ్చినప్పుడు మనం వెళ్తున్నామా? ఖాళీ పోస్టుల గురించి లిఖితపూర్వకంగా అడుగుతున్నామా? మస్జిద్ కమిటీలు జుమా నాడు ఈ విషయాన్ని నాలుగు మాటల్లో గుర్తుచేస్తే ఎన్నో ఇళ్ళకు చేరుతుంది.

మీలో ప్రతి ఒక్కరూ సంరక్షకులేననీ, మీ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నింపబడతారనీ దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. పిల్లలు అల్లాహ్ మనకప్పగించిన అమానత్. ఆ ప్రశ్న పాలకులకూ ఎదురవుతుంది, తల్లిదండ్రులకూ ఎదురవుతుంది. ఈ అమానత్‌ను నిలకడగా కాపాడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.