కుడివైపు సీటు

“పద్నాలుగేళ్ళు మిలిటరీ విమానాలు నడిపినాయనకి ప్యాసింజర్ విమానం ఓ లెక్కా?” అన్నారు పక్కింటి వదినగారు. నేనూ అలాగే అనుకున్నానండీ!

మావారు దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో శిక్షణ పొంది, షార్ట్ సర్వీస్ కమిషన్ మీద 14 ఏళ్ళు ఏఎన్-32 రవాణా విమానాలు నడిపారు. ఆ సర్వీసుకి పెన్షన్ లేదు. పిల్లలు చిన్నగా ఉండగానే క్వార్టర్స్ ఖాళీ చేశాం.

తీరా చూస్తే, అక్కడ ఎగిరిన గంటలు లెక్కకొస్తాయి గానీ, లైసెన్సు మాత్రం డి.జి.సి.ఎ. వాళ్ళు ఇవ్వాలిట. నావిగేషన్, వాతావరణం, విమానయాన నిబంధనలు... ఒక్కోదాంట్లో నూటికి 70 మార్కులు రావాలి. అయిదో క్లాసు పిల్ల పక్కనే ఆయనా పుస్తకం పట్టారు. తర్వాత వైద్యపరీక్ష. ఆపైన ఎయిర్‌బస్ ఎ-320 నడపడానికి సిమ్యులేటర్‌లో టైప్ రేటింగ్. ఆ ఖర్చుకి నా గాజులు బ్యాంకులో పెట్టాం.

ఉద్యోగం వచ్చింది. ఫస్ట్ ఆఫీసరుగా కుడివైపు సీటు. ఎడమవైపు కెప్టెన్ ఈయనకంటే ఏడేళ్ళు చిన్న! “చిన్నతనంగా లేదూ?” అనడిగాను. “వెనకాల 180 మంది కూర్చున్నారు. వాళ్ళకి నా పాత ర్యాంకుతో పనేముంది?” అన్నారు.

నాకు అత్తగారి వంటింట్లో మొదటిరోజు గుర్తొచ్చింది. వంటొచ్చినా, ఉప్పుజాడీ ఎక్కడుందో అడిగే కదా తెలుసుకున్నాను!

మీ ఇంట్లోనూ ఇలాంటివారుంటే, సర్వీసు ముగిసే రెండేళ్ళ ముందే పర్మిషన్ తీసుకుని పరీక్షలు రాయమనండి. టైప్ రేటింగ్‌కి డబ్బు విడిగా కూడబెట్టండి. గాజులు మిగులుతాయి!