లేత మేళము

నెల్లూరికిని గూడూరికిని నడుమ, చెన్నపట్టణమునుండి ఉత్తరమునకు సాగు రైలుదారిమీద మనుబోలు కలదు. చుట్టును వరిపొలములు, తూర్పుగా కొంత దూరము పోయినచో సముద్రము. ఇట్టి ఊళ్ళలో శ్రీరామనవమి పందిటిలోనో, కార్తికమాసపు భజనలోనో, బడిలో చదువుకొను పిల్లలు నలుగురైదుగురు కలసి మేళము కట్టుట నేటికిని కనబడును. ఒకనికి హార్మోనియము పలికించుట వచ్చును. వేరొకడు మృదంగమో తబలాయో వాయించును. తక్కినవారు పాడుదురు. ఇటీవల హార్మోనియమునకు తోడుగా కీబోర్డు కూడ వచ్చి చేరినది.

మొదటి కచ్చేరి ముగియును. జనులు లేచి, పైపంచెలు దులుపుకొని, పిల్లలను చంకకెత్తుకొని యిండ్లకు మరలుదురు. వేదికమీది పిల్లలు తీగలు చుట్టుచు, వాద్యములకు గుడ్డలు కప్పుచు, ఎవరైన వచ్చి తమకొక మాట చెప్పుదురేమో యని వేచియుందురు. ఆ మాట యెట్టిదగునో దానినిబట్టి ఆ మేళము మరునాడు తిరిగి కూడుటయో, వాద్యములు అటుకెక్కుటయో జరుగును. మొదటి కచ్చేరితోనే ముగిసిపోయిన మేళములు మన పల్లెలలో కొల్లలు. వానిలో కొన్నిటికి సంగీతము లేకపోవుట కారణము కాదు. వినినవారు ఏమియు చెప్పకపోవుటయే కారణము.

ఆ సమయమున ఊరివారి నోట రెండు విధముల మాటలు వెలువడుట కద్దు. "బాగున్నదిరా అబ్బాయీ" అని వీపు తట్టి వెడలిపోవుట యొకటి. "పాటలు కూడు పెట్టునా? పుస్తకము తీయరాదా?" అనుట రెండవది. మొదటిది చెవికింపు, రెండవది ములుకు. అయినను రెండింటియందును ఒకే లోపము కలదు. ఏది కుదిరినదో, ఏది కుదురలేదో వానివలన ఆ పిల్లలకు తెలియదు. చేపలపులుసు నోటబెట్టగనే చింతపండు ఎంత ఎక్కువైనదో, మామిడిముక్క ఎంత తక్కువైనదో తడుముకొనక చెప్పగల నెల్లూరిసీమవారు పాట విషయమున మాత్రము ఒక్క మాటతో సరిపుచ్చుట చిత్రమే.

పాటను గూర్చి వివరముగా చెప్పవలెనన్న మొదట వివరముగా వినవలెను. అందుకు శాస్త్రపాండిత్యము అక్కరలేదు. కొన్ని సంగతులు తెలిసిన చాలును.

వానిలో మొదటిది శ్రుతి. పాడువాడు తన కంఠమునకు అనువైన ఆధారస్వరమును ఎన్నుకొని, పాటయంతయు దానిని అంటిపెట్టుకొని పాడవలెను. మన సంప్రదాయమున మగవారు తరచుగా ఒకటి శ్రుతికి దగ్గరగాను, ఆడువారు అయిదు శ్రుతికి దగ్గరగాను పాడుదురు. క్రొత్త మేళమున ఒక బాలికయు ఒక బాలుడును కలసి పాడవలసి వచ్చినపుడు హార్మోనియముపై ఒకే శ్రుతి పెట్టుదురు. అది ఒకరికి అమరిన రెండవవారికి అమరదు. చరణము పైస్థాయికి పోగనే బాలుని కంఠము బిగిసి కీచుమనును, లేదా క్రింది స్వరములయందు బాలిక గొంతు వినబడకపోవును. వినువారు "వానికి పాట రాదు" అని తీర్పు చెప్పుదురు. వానికి పాట వచ్చును; ఆ శ్రుతిలో రాదు. "ఒక మెట్టు దించి పాడి చూడుము" అని ఎవరైన చెప్పినచో అంతటితో చిక్కు విడిపోవును.

ఎనిమిదవ తరగతి యీడు బాలురకు వేరొక యిబ్బంది కూడ కలదు. సుమారు పదుమూడు, పదునాలుగేండ్ల ప్రాయమున వారి కంఠపేటిక పెరుగును. స్వరతంత్రులు పొడవై దళసరి యగును. అందువలన గొంతు క్రమముగా దాదాపు ఒక స్థాయి క్రిందికి దిగును. ఆడుపిల్లల గొంతునందును మార్పు కలదు గాని అది స్వల్పము. ఈ మార్పు జరుగు నెలలలో బాలుని కంఠము ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు తానుగా జారిపోవును. నిన్నటివరకు కోకిలయని పొగడబడినవాడు నేడు నలుగురిలో నోరు విప్పుటకు సిగ్గుపడును. "నీ గొంతు పోయినదిరా" అని నవ్వుటకంటె క్రూరమైన మాట ఆ వేళ వేరొకటి లేదు. అది అసత్యము కూడ. గొంతు పోలేదు, మారుచున్నది. ఆ కాలమున బలవంతముగా పైస్థాయికి ఎక్కింపక, తక్కువ స్వరములలో మెల్లగా సాధనచేయవలెను. పాడుట కష్టమైనపుడు తాళము వేయుటయో, వాద్యము నేర్చుటయో చేయవచ్చును. ఈ సంగతి చెప్పువారు లేక పాట మానుకొన్న బాలురు ఎందరో!

శ్రుతి తరువాత లయ. క్రొత్తవారికి వేదికమీద గుండె వేగముగా కొట్టుకొనును. దానితోపాటు పాటయు పరుగెత్తును. మెల్లగా ఎత్తుకొన్న పల్లవి చివరకు వచ్చునప్పటికి తరుముకొని వచ్చినట్లుండును. వాయించువాడు పాడువానిని, పాడువాడు వాయించువానిని తరుముచుందురు. ఎవరు ముందు పరుగెత్తిరో వారికే తెలియదు. ముందు వరుసలో కూర్చున్న పెద్దవాడొకడు తొడపై నిదానముగా తాళము వేయుచుండిన యెడల పిల్లలు దానిని చూచి నిలదొక్కుకొందురు. శ్రోతలు చేతితో తాళము వేయుట మన సంగీతసభలలో మొదటినుండి యున్న వాడుకయే. నోరు మెదపకయే చేయదగిన సహాయములలో ఇది గొప్పది.

సముద్రతీరపు ఊళ్ళలో వాద్యములకు ఒక ప్రత్యేకమైన బాధ కలదు. నెల్లూరిసీమకు వానలు ఈశాన్య ఋతుపవనములవలన కురియును. కార్తికమున భజనలు జరుగు దినములును, వానలు పడు దినములును ఒక్కటే. ఆ తేమకు మృదంగపు మూతల చర్మము సడలి శ్రుతి దిగును. ఎడమవైపున తడిపిన రవ్వముద్ద అంటించి, కుడివైపున వారులు బిగించి శ్రుతి కలిపినను, గంట గడచునప్పటికి మరల తేడా వచ్చును. ఇది తెలియనివారు వాయించు బాలుని నిందింతురు. తెలిసినవారు పాటకు పాటకు నడుమ శ్రుతి సరిచూచుకొనుటకు వానికి రెండు నిమిషములు వ్యవధి యిమ్మందురు.

పాడువాడు తన దోషమును తానే ఏల గ్రహింపలేడు? దీనికి శరీరమునందే ఒక కారణమున్నది. మన గొంతును మనము గాలిద్వారా మాత్రమే గాక, తల యెముకలద్వారా కూడ వినుచుందుము. ఎముకలద్వారా వచ్చిన ధ్వని నిండుగా, గంభీరముగా నుండును. అందుచేతనే ధ్వనిముద్రణ చేసిన తమ గొంతును మొదటిసారి వినినవారు "ఇది నాది కాదు" అని ఉలికిపడుదురు. ఎదుటివారు వినునది మాత్రము ఆ గొంతే. నేడు చేతిఫోనుతోనే పాటను ముద్రించుకొని వినవచ్చును గనుక, క్రొత్త మేళమువారు తమ కచ్చేరిని తామే మరునాడు విని చూచుకొనుట మంచిది. పరుల విమర్శ చేదుగా తోచినవారికిని ఆ యంత్రము చెప్పినది నమ్మక తప్పదు.

ఇంగ్లండు దేశమున గనులలోను మిల్లులలోను పనిచేయువారు ఇత్తడి బూరల మేళములు కట్టుకొని పోటీలు జరుపుకొనుట నూరేండ్లకు పైబడిన ఆచారము. మాంచెస్టరు నగరమున బెల్లేవ్యూ అను ఉద్యానమున 1853లో ఆరంభమైన పోటీ మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. ఈ పోటీలలో తీర్పరిని తెరలు కట్టిన గుడారములోనో, మూసిన పెట్టెవంటి గదిలోనో కూర్చుండబెట్టుదురు. వాయించుచున్నది ఏ ఊరి మేళమో ఆయనకు కనబడదు. చీట్లు వేసి నిర్ణయించిన వరుససంఖ్య మాత్రమే తెలియును. తన ఊరివారనియు, బంధువులనియు పక్షపాతము చూపుటకు వీలులేదు. అంతకంటె మెచ్చదగినది మరియొకటి కలదు. వినుచున్నంతసేపు ఆయన కాగితముపై అభిప్రాయము వ్రాయుచుండును. ఎక్కడ బూరలు శ్రుతి తప్పినవో, ఎక్కడ మేళము ఒక్కటిగా పలికినదో అందు వ్రాయును. ఆ కాగితము మేళమువారికి అందును. బహుమతి ఒక్కరికే దక్కినను ఓడినవారు వట్టిచేతులతో ఇంటికి పోరు.

మన దేశమున పెద్దవిద్వాంసుల వినికిడి ఎట్టిదో చూపుటకు ద్వారం వేంకటస్వామినాయుడుగారి కథ చాలును. 1919లో విజయనగరమున మహారాజుగారు సంగీతకళాశాలను స్థాపించిరి. హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులు. చూపు మందగించుటచే చదువు సాగక వాయులీనమునే నమ్ముకొన్న యువకుడు వేంకటస్వామినాయుడు విద్యార్థిగా చేరు కోరికతో అచ్చటికి పోయెను. ఆయన వాద్యమును వినిన దాసుగారు విద్యార్థిగా చేర్చుకొనుటకు బదులు వాయులీనోపాధ్యాయునిగా నియమింపజేసిరి. తరువాత 1936లో నాయుడుగారు ఆ కళాశాలకే అధ్యక్షులైరి. వినువాడు సమర్థుడైనచో ఎదుటివాడు తన్ను తాను తక్కువగా ఎంచుకొన్న పొరపాటును కూడ దిద్దగలడు.

మనుబోలునకు అతి సమీపమున గూడూరులోనే ఇట్టి సంఘటన యొకటి జరిగినది. 1960 దశకపు తొలియేండ్లలో అచ్చట ఒక పాటలపోటీ నడచెను. నెల్లూరిలో హరికథకునిగా పేరుగొన్న సాంబమూర్తిగారి కుమారుడు అందు పాడెను. సంగీతమును గురుముఖమున క్రమముగా అభ్యసించినవాడు కాదు. ఇంజనీరగుటకు చదువుకొనదలచిన కుఱ్ఱవాడు. అతనికి రెండవ బహుమతి వచ్చెను. ఆ సభకు అతిథిగా వచ్చిన గాయని ఎస్. జానకి అప్పటికే 1957నుండి చలనచిత్రములలో పాడుచున్నది. ఆమె పాటలు విని, మొదటి బహుమతి రావలసినది ఈ రెండవవానికే యని అభిప్రాయపడెను. సినిమాలలో పాడుటకు యత్నింపుమని అతనికి చెప్పెను. ఆ కుఱ్ఱవాడే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము. తరువాత ఎన్నో ఏండ్లకు కూడ ఆయన ఈ సంగతిని పలువురియెదుట తలచుకొనుచుండెను.

జానకి మాట అతనికి ధైర్యమిచ్చినది. అయితే ధైర్యమొక్కటే చాలునా? 1964లో చెన్నపట్టణమున జరిగిన మరియొక పోటీలో బాలసుబ్రహ్మణ్యము మొదటివాడుగా నిలిచెను. సంగీతదర్శకుడు ఎస్.పి. కోదండపాణి ఆ గొంతులోని లేతదనమును, అందు దాగిన బలమును గుర్తించెను. గుర్తించి ఊరకుండలేదు, అవకాశము కొరకు వెంటనుండి ప్రయత్నించెను. 1966 డిసెంబరు 15వ తేదీన, హాస్యనటుడు పద్మనాభము నిర్మించిన 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' చిత్రమునకు కోదండపాణి సంగీతమున అతడు మొదటి పాట పాడెను. పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, రఘురామయ్య వంటి పెద్దల సరసన నిలిచి పాడవలసిన పాట అది. పోటీకిని ఈ పాటకును నడుమ గడచినవి రెండేండ్లు. మెచ్చుకొన్నవాడు రెండేండ్లపాటు ఆ మెచ్చుకోలును మరువకుండుట సామాన్యము కాదు.

బాలసుబ్రహ్మణ్యము కూడ తొలినాళ్ళలో ఒక చిన్న మేళము నడిపినవాడే. అందు అనిరుద్ధ హార్మోనియము వాయించెడివాడు. భాస్కర్ తాళవాద్యములు చూచుకొనెడివాడు. గిటారు పట్టినవారిలో ఇళయరాజా, ఆయన తమ్ముడు గంగై అమరన్ ఉండిరి. ఆ కచ్చేరులు వినినవారిలో ఎందరు ఆ పిల్లలతో ఒక మంచిమాట చెప్పి యిల్లు చేరిరో తెలియదు గాని, 1976నుండి ఇళయరాజా సంగీతదర్శకుడై దక్షిణదేశపు పాటనే మార్చివేసెను.

కాలక్రమమున వినిపించినవాడు వినువాడాయెను. 1996లో దూరదర్శినిలో ఆరంభమైన 'పాడుతా తీయగా' అను పాటలపోటీని బాలసుబ్రహ్మణ్యము ఏండ్ల తరబడి నడపెను. పిల్లవాడు పాట ముగించిన పిమ్మట ఆయన చేయు వ్యాఖ్యలలో మొదట మెచ్చదగిన తావు, తరువాత దిద్దవలసిన తావు వచ్చెడివి. ఒక అక్షరము ఒత్తు తప్పినను విడిచెడివాడు కాడు. పాట వ్రాసిన కవి యెవరో, స్వరపరచినవారెవరో, ఆ మాటకు అర్థమేమో చెప్పెడివాడు. అవసరమైనచో ఆ ఒక్క పాదమును తాను పాడి వినిపించెడివాడు.

ఆయన నలుగురియెదుట తప్పు చెప్పినను అది బోధించు వేదిక యని పిల్లలకు ముందే తెలియును. పల్లెలోని కచ్చేరి అట్టిది కాదు. తల్లిదండ్రులును, తోడి విద్యార్థులును చూచుచుండగా తప్పులెన్నుట తగదు. ఆ రాత్రి మంచిని చెప్పి, దిద్దవలసినదానిని మరునాటి యుదయమున, సాధన జరుగు చోటికి పోయి చెప్పుట మేలు. అప్పటికి పిల్లల గుండెదడ తగ్గియుండును, వాద్యములు చేతిలోనే యుండును, చెప్పినదానిని వెంటనే వాయించి చూచుకొనవచ్చును. "రెండవ పాట చరణములో పరుగెత్తితిరి, అచ్చటినుండి మరల ఎత్తుకొనుడు" అని చెప్పి, చాపమీద కూర్చుండి తాళము వేయువాడొకడు ఆ మేళమునకు దొరికినచో, వచ్చు నవమికి అది మరల పందిటిలో కనబడును.

కోదండపాణి 1974లో మరణించెను. బాలసుబ్రహ్మణ్యము చెన్నపట్టణమున నెలకొల్పిన ధ్వనిముద్రణశాలకు ఆయన పేరే పెట్టెను.