పిడుదుల నివాసం కుక్క కాదు, ఇల్లు: పుదుచ్చేరిలో పెంపుడు జంతువుల రక్షణ ఎలా?

పుదుచ్చేరి: కుక్క చెవి వెనుక కనిపించిన నాలుగు పిడుదులను ఏరివేసి, సమస్య తీరిందని భావించడం యజమానులు తరచుగా చేసే పొరపాటు. కంటికి కనిపించేవి కొన్నే. మిగిలినవి గోడల పగుళ్లలో, గుమ్మాల సందుల్లో, కుక్క పడుకునే గోనెసంచి కింద దాగి ఉంటాయి. కుక్కతో పాటు ఇంటిని కూడా శుభ్రపరచకపోతే వాటి బెడద తిరిగి మొదలవుతుంది.

సముద్రతీర పట్టణమైన పుదుచ్చేరిలో ఏడాది పొడవునా వేడి, తేమ ఉంటాయి. శీతల దేశాల్లో మాదిరిగా పిడుదుల పెరుగుదలకు ఇక్కడ చలికాలం అడ్డుకట్ట వేయదు. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాంలోనూ, ఆంధ్ర తీరంలోనూ పరిస్థితి ఇంతే.

ఇళ్లలో ఎక్కువగా కనిపించేది గోధుమ రంగు కుక్క పిడుదు. గుడ్డు నుంచి వెలువడే లార్వాకు ఆరు కాళ్లే ఉంటాయి. తరువాతి రెండు దశల్లో ఎనిమిది కాళ్లు వస్తాయి. ప్రతి దశలోనూ అది కుక్కపై చేరి రక్తం తాగి, నేలకు రాలి, ఏదో ఒక సందులో ఎదుగుతుంది. కడుపు నిండిన ఆడ పిడుదు వేల సంఖ్యలో గుడ్లు పెట్టగలదు. ఎదిగిన పిడుదు ఆహారం లేకుండా నెలల తరబడి బతుకుతుంది.

పిడుదు కాటు వల్ల ఎర్లికియోసిస్, బబీసియోసిస్ వంటి ప్రాణాంతక వ్యాధులు సోకవచ్చు. వీటినే వాడుకలో టిక్ ఫీవర్ అంటారు. జ్వరం, తిండి మానేయడం, నీరసం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం, మూత్రం ముదురు రంగులోకి మారడం ప్రధాన లక్షణాలు. రక్తపరీక్షతో వ్యాధిని గుర్తించి తొలిదశలోనే మందులు వాడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. ఆలస్యమైతే ఎముక మజ్జ దెబ్బతినే ప్రమాదం ఉంది. కురుంబపేటలో ఉన్న రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థ ఈ పట్టణంలోనిదే.

నివారణకు మాత్రలు, మెడ వెనుక వేసే చుక్కల మందు, మందు పూసిన పట్టీలు లభిస్తున్నాయి. కుక్క బరువు, వయసును బట్టి వైద్యుడే మోతాదు నిర్ణయించాలి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే ముందుగానే తెలపాలి. కుక్కల కోసం తయారైన పెర్మెత్రిన్ మందును పిల్లులకు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు. అది వాటికి విషం.

చర్మానికి పట్టిన పిడుదును చిమటాతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకొని నిదానంగా, నిటారుగా లాగాలి. వేళ్లతో నలపరాదు. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం హానికరం. చెవులు, చంకలు, వేళ్ల సందులు, మెడపట్టీ కింది భాగం రోజూ పరిశీలించాలి.

ఇంట్లో పగుళ్లను సిమెంటుతో పూడ్చి, పక్కబట్టలను వేడినీటితో ఉతకాలి. పురుగుమందు చల్లినప్పుడు అది ఆరేవరకు జంతువులను దూరంగా ఉంచాలి. తొలిసారి చల్లినప్పుడు చావని గుడ్లు తరువాత పొదుగుతాయి కనుక, పిడుదులు కనిపించడం ఆగిన తరువాత కూడా కొన్ని నెలలు ఈ జాగ్రత్తలు కొనసాగించాలి.

ఈ పిడుదులు మనుషులకూ ఒక రకమైన టైఫస్ జ్వరాన్ని వ్యాపింపజేయగలవు. ఇంట్లో ఎవరికైనా కారణం తెలియని జ్వరం వస్తే, పిడుదుల సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.