ఓపీలో పెద్దల టీకా: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నేపథ్యంలో పదార్థపరిశీలన

వ్యాససంగ్రహం:
పెద్దలలో టీకాలు వేయించుకొనేవారి సంఖ్య పెరగాలంటే వైద్యశాలలో టీకా లభించడంతోపాటు, దానిని గురించి ఓపీలో అడిగే ప్రశ్న రోగి వాడుకభాషలో ఉండాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘టీకా’, ‘సూది’ పదాల అర్థభేదాన్ని పరిశీలించి, ఓపీలో అనుసరించదగిన క్రమాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: టీకా, సూది, ఓపీ, వలస, ఆరోగ్యసంభాషణ.

1. ప్రవేశిక:
పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోని పట్టణం. సిరిసిల్ల మరమగ్గాలకు ప్రసిద్ధి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీలు, గల్ఫ్ దేశాలకు వలసవెళ్లే పురుషులు అధికం. వీరిలో మధుమేహం, రక్తపోటు ఉన్నవారు మందులకోసం ఓపీకి మళ్లీమళ్లీ వస్తారు. ఫ్లూ, న్యుమోనియా తీవ్రమయ్యే ప్రమాదం మధుమేహరోగులకు ఎక్కువ. టీకా అవసరమైన వ్యక్తి వైద్యుని ఎదుటే ఉన్నా, ఆ ప్రస్తావన రాకుండానే వెళ్లిపోయే అవకాశం ఉంది.

2. ‘టీకా’, ‘సూది’ - అర్థభేదం:
సాహిత్యవిద్యార్థికి ‘టీక’ అంటే వ్యాఖ్యానం. వ్యాధినిరోధకమనే అర్థంలోని ‘టీకా’కు హిందీలో బొట్టు, గుర్తు అనే అర్థాలూ ఉన్నాయి. మశూచి నివారణకు చర్మంపై వేసిన గుర్తుతో ఈ అర్థం ముడిపడింది. 1985లో ప్రారంభమైన సార్వత్రిక టీకా కార్యక్రమం ప్రధానంగా శిశువులను, గర్భిణులను ఉద్దేశించింది. ఆపై పోలియో చుక్కల ప్రచారం వచ్చింది. ఫలితంగా ‘టీకా’ పసిపిల్లలకు సంబంధించిన మాటగా స్థిరపడింది.

పెద్దలు వేయించుకొనేది ‘సూది’. జ్వరానికి సూది, గాయమైతే టీటీ సూది, కుక్క కరిస్తే కుక్కకాటు సూది. ఇవన్నీ ఆపద వచ్చిన తరువాతివి. టీకా పిల్లలది, సూది ఆపద తరువాతిది. రోగం రాకముందే పెద్దలు వేయించుకోవలసినదానికి వాడుకలో ప్రత్యేకమైన మాట లేదు. కనుక “టీకాలు వేయించుకున్నారా?” అన్న ప్రశ్నకు పెద్దవారు తమ పిల్లల సంగతి చెప్పడం సహజం.

3. కోవిడ్ కాలపు అనుభవం:
2021 మార్చి 1 నుండి అరవై ఏళ్లు పైబడినవారికి, మే 1 నుండి పద్దెనిమిదేళ్లు నిండినవారికి కోవిడ్ టీకా అర్హత లభించింది. ఉద్యోగానికి విదేశాలకు వెళ్లేవారు కోవిషీల్డ్ రెండవ డోసును 84 రోజులు ఆగకుండా 28 రోజుల తరువాత పొందవచ్చని కేంద్రం అదే ఏడాది జూన్‌లో అనుమతించింది. గల్ఫ్ ప్రయాణికునికి ఇది జీవనోపాధికి సంబంధించిన విషయం. ప్రయోజనం, తేదీ, ధ్రువపత్రం మూడూ స్పష్టంగా ఉన్నచోట ‘డోసు’ అనే కొత్తమాట కూడా వాడుకలో కలిసిపోయింది.

4. ఓపీలో అనుసరించదగిన క్రమం:
పెద్దల టీకాల విషయంలో అమెరికా వైద్యరంగం నాలుగు దశలను ప్రమాణంగా గ్రహించింది: అవసరాన్ని గుర్తించడం, సిఫారసు చేయడం, టీకా వేయడం లేదా లభించేచోటికి పంపడం, నమోదు చేయడం. వీటిని మన ఓపీకి ఇలా అన్వయించవచ్చు.

అ) రక్తపోటు చూసేటప్పుడే నర్సు “గడిచిన పదేండ్లల్ల టీటీ సూది ఏసుకున్నరా?” అని అడగాలి. ధనుర్వాత నిరోధకాన్ని పదేళ్లకొకసారి, ఫ్లూ టీకాను ఏటా వేయించుకోవాలి.
ఆ) వైద్యుడు స్వయంగా, రోగి వృత్తితో ముడిపెట్టి చెప్పాలి. మగ్గాల మధ్య పనిచేసే మధుమేహరోగికి న్యుమోనియా వస్తే ఎన్నిరోజుల కూలి పోతుందో చెబితే విషయం బోధపడుతుంది. నిర్ణయం మాత్రం రోగిదే.
ఇ) ఫ్లూ, న్యుమోనియా టీకాలు పెద్దలకు సార్వత్రిక కార్యక్రమంలో లేవు. కాబట్టి ధరను ముందే తెలపాలి.
ఈ) హెపటైటిస్-బి టీకాను సాధారణంగా ఆరునెలల్లో మూడు డోసులుగా వేస్తారు. తరువాతి తేదీని ఓపీ చీటీపై తెలుగులో రాయాలి.

5. ముగింపు:
ధర, సరఫరా సమస్యలను భాష తీర్చలేదు. కానీ టీకా అందుబాటులో ఉండికూడా ప్రశ్న అర్థంకాక వెనుదిరిగే రోగిని ఆపగలదు. ఆరోగ్యప్రచార సామగ్రి రూపకల్పనలో మాండలిక పరిశోధకులకు, తెలుగు అధ్యాపకులకు చోటుండాలి. మూడు పట్టణాల ఓపీలలో వినిపించే వ్యాధి, మందుల పదజాలాన్ని సేకరించడం ఇందుకు తొలిమెట్టు.