లక్ష హిట్లు... మనుషులెందరు?

పనస దుంగను నిలువునా తొలిచి, కుండ చెక్కి, చివర యాళి ముఖం తీర్చి, మైనం మీద 24 మెట్లు నిలబెట్టి... ఒక వీణ తయారయ్యేసరికి నెల దాకా పడుతుంది. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పని ఇది. అలాంటి ఒక ఇంటివారు ఈమధ్య వెబ్‌సైటు పెట్టారనుకుందాం. వీణల ఫొటోలు, ధరలు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. సైటు కట్టినతను నెల తిరగ్గానే ఒక కాగితం పంపాడు. ‘ఈ నెల లక్ష హిట్లు!’

ఇల్లంతా సంబరం. వీధిలో అందరికీ తెలిసిపోయింది. బొబ్బిలి జనాభా కన్నా ఎక్కువ మంది చూశారన్నమాట! కానీ ఆ నెలంతా కలిపి వచ్చిన ఫోన్లు రెండు. అందులో ఒకటి రాంగ్ నంబరు. ‘ఇంకో పదివేలు ఇవ్వండి, రెండు లక్షలు చేసి చూపిస్తా’ అంటున్నాడతను. ఇవ్వాలా, వద్దా?

ఇచ్చేముందు ఆ లక్ష ఏమిటో చూద్దాం.

ఒక్క విస్తరి... ముప్పై వడ్డనలు

వెబ్‌సైటు ఉండే కంప్యూటరును సర్వర్ అంటారు. మనం ఏది అడిగినా అది ఇస్తుంది, ఇచ్చినట్టు ఒక వరుస రాసుకుంటుంది. కిరాణా కొట్టులో చిట్టా పుస్తకం లాంటిదే. దానిపేరే లాగ్ ఫైలు. ఎవరు అడిగారు, ఎప్పుడు, ఏమడిగారు, దొరికిందా లేదా, ఎన్ని బైట్లు ఇచ్చాం... ఇంతే ఉంటుంది. చాలా సర్వర్లు ఏ లింకు పట్టుకుని వచ్చారు, ఏ బ్రౌజరు వాడారు అన్నవీ కలుపుతాయి. ఒక వరుస సుమారుగా ఇలా ఉంటుంది:

203.0.113.25 – 12/జనవరి/2025 14:05:11 +0000 – వీణల ధరలు – 200 – 18452

చిక్కంతా ఇక్కడే ఉంది. పెళ్లి పంక్తిలో ఒక మనిషి కూర్చుంటాడు. విస్తట్లో పప్పు, పులిహోర, బూరె, అప్పడం అన్నీ వేస్తారు. వడ్డించేవాడు గరిటె పెట్టినప్పుడల్లా ఒక గీత గీసుకుంటూ పోతే రాత్రికి వేల గీతలవుతాయి. భోంచేసినవాళ్లు అన్ని వేలమందా? హిట్టు అంటే ఆ గీతే. వీణల పేజీలో 24 ఫొటోలు, రంగులూ అక్షరాలూ దిద్దే ఫైళ్లు అయిదు ఉన్నాయనుకోండి. ఒక మనిషి ఒక్కసారి తెరిస్తే పేజీతో కలిపి 30 హిట్లు! ఫొటోలు ఇంకో ముప్పై పెట్టండి... మనిషి పెరగకుండానే లెక్క రెట్టింపవుతుంది. రెండు లక్షలు చేసి చూపించడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

ఇంకో విచిత్రం. ఎవరో తమ సైటులో మన వీణ బొమ్మ చూపించాలనుకుని, బొమ్మను కాపీ చేసుకోకుండా మన చిరునామానే తగిలిస్తారు. వాళ్ల పేజీ తెరిచినవారందరికీ బొమ్మ మన సర్వర్ నుంచే వెళ్తుంది. హిట్లు మనకి, చూపులు వాళ్లకి.

అందరూ మనుషులు కారు

లాగ్‌లో కనబడేవన్నీ మనుషుల రాకలని అనుకోకూడదు. గూగుల్ వంటి వెతుకులాట సంస్థల యంత్రాలు పేజీలన్నీ రోజూ తిరగేస్తుంటాయి. 2023 నుంచి కృత్రిమ మేధ కంపెనీల యంత్రాలూ తోడయ్యాయి. తాళం వేయని కిటికీ ఉందేమోనని తడిమి చూసే దొంగ ప్రోగ్రాములు సరేసరి. కొన్ని తమ పేరు బుద్ధిగా చెప్పుకుంటాయి. కొన్ని మనిషి వేషం కట్టి వస్తాయి.

ఇప్పుడు మన లక్షను జల్లెడ పడదాం. 40 వేలు యంత్రాలవి అనుకుందాం. మిగిలిన 60 వేలను 30తో భాగిస్తే 2,000 పేజీలు. ఒక్కొక్కరు నాలుగు పేజీలు తిరగేశారంటే 500 రాకలు. అరగంట పాటు కదలిక లేకుండా ఉండి మళ్లీ తెరిస్తే దాన్ని కొత్త రాకగా కట్టడం చాలా లెక్కల్లో రివాజు. కాబట్టి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూసినవారు ఇద్దరవుతారు. పోనీ ఐపీ నంబరును బట్టి మనుషుల్ని లెక్కిద్దామా అంటే, మొబైల్ కంపెనీలు ఒకే నంబరు వెనక ఎందరినో కూర్చోబెడతాయి. పైగా బొబ్బిలిలో కూర్చుని ఫోన్లో చూసినా జాబితాలో హైదరాబాదో చెన్నైయో కనబడొచ్చు. ‘మన ఊరివాళ్లు ఒక్కరూ చూడలేదే’ అని బాధపడక్కర్లేదు!

గడియారం సంగతీ చూసుకోవాలి. పై వరుసలో 14:05 అన్నది మన మధ్యాహ్నం కాదు. +0000 అంటే గ్రీన్‌విచ్ వేళ. దానికి అయిదున్నర గంటలు కలిపితే మనకు రాత్రి 7:35. అంటే ఎవరో వంటపని అయ్యాక తీరిగ్గా వీణ ధర చూశారేమో.

ఊరు పేరే చిక్కు

మరి ఆ 500 రాకల్లో చాలామంది పేజీ తెరిచీ తెరవగానే వెళ్లిపోతే? ధరలు ఎక్కువనుకున్నారా? కాకపోవచ్చు. ‘బొబ్బిలి’ అని వెతికేవారికి వీణే కావాలని ఏముంది? ‘బొబ్బిలి పులి’ (1982), ‘బొబ్బిలి బ్రహ్మన్న’ (1984), ‘బొబ్బిలి రాజా’ (1990)... సినిమా కోసం వచ్చినవారికి యాళి ముఖం కనబడితే ఏం చేస్తారు! ఏ మాట వెతికి వచ్చారో ఒకప్పుడు లాగ్‌లోనే కనబడేది. 2011 నుంచి గూగుల్ దాన్ని మరుగుపరచడం మొదలుపెట్టింది. ఇప్పుడది తెలియాలంటే గూగుల్ సైటు యజమానులకు ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో చూసుకోవాలి.

నన్నడిగితే ఆ కాగితంలో ముందు చూడాల్సింది లక్ష కాదు, 404 అన్న అంకె. 200 అంటే అడిగింది దొరికింది. 404 అంటే లేదని చెప్పి పంపేశాం. చిన్న బహుమతి వీణల పేజీ పేరు మార్చారనుకోండి. పాత లింకు ఎవరి సైటులోనో అలాగే ఉంది. అమెరికాలో ఒక తెలుగాయన నలుగురికి బహుమతులు పంపాలని అది నొక్కితే ‘పేజీ లేదు’ అని వస్తుంది. ఆయన ఫోన్ చేసి అడగడు, ఇంకో సైటు చూసుకుంటాడు. లాగ్‌లో మాత్రం ఆ వరుస ఉంటుంది. పాత పేరు నుంచి కొత్త పేజీకి దారి మళ్లించడం అయిదు నిమిషాల పని. దానికి పదివేలు అక్కర్లేదు.

ఈ లెక్కలు కట్టే ఉచిత ప్రోగ్రాములు ఎప్పటినుంచో ఉన్నాయి. వెబలైజర్ 1997లో వచ్చింది. ఏడబ్ల్యూస్టాట్స్ ఇప్పటికీ చాలా హోస్టింగ్ ఖాతాల్లో కనబడుతుంది. 2005లో గూగుల్ అనలిటిక్స్ వచ్చాక లాగ్ చూసేవారు తగ్గారు. అది పేజీలో పెట్టిన చిన్న కోడు ద్వారా లెక్కిస్తుంది కాబట్టి చాలా యంత్రాలు దానికి చిక్కవు. ఆ కోడును అడ్డుకునే బ్రౌజర్లు వాడే మనుషులూ చిక్కరు. రెండు లెక్కలూ ఒకలా రావు, కంగారుపడకండి.

అన్నట్టు, లాగ్‌లు చెత్త అనుకుని చెరిపేయకండి. సైటుమీద దాడి జరిగితే ఆనవాళ్లు దొరికేది అక్కడే. కంపెనీలు, సర్వీసు సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు 180 రోజుల లాగ్‌లు భద్రపరచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది కూడా.

సొంత సైటు లేనివారూ ఈ లెక్కల సరదా చూడొచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసాన్ని ఏ రోజు ఎన్నిసార్లు చూశారో, మనుషుల చూపుల్నీ యంత్రాల చూపుల్నీ విడదీసి మరీ చూపిస్తారు. 2015 జులై నుంచీ లెక్కలున్నాయి. వ్యాసం చరిత్ర పేజీలోంచి ‘పేజీ వీక్షణలు’కు వెళ్లొచ్చు. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న కదా, ఏటా ఆ తేదీకి చదివేవారు పెరుగుతారేమో వెతకండి. ‘బొబ్బిలి’, ‘బొబ్బిలి పులి’ వ్యాసాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఊరు ముందుందో, ఎన్టీఆర్ ముందున్నాడో తేలిపోతుంది.